ఉదయ్ అన్న కోసం పెట్టిన రూల్

జూన్ 10, మంగళవారం

మా రక్తపరీక్షల ల్యాబ్ నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో కొత్త రూల్ పెట్టాను. బయటి నుంచి వచ్చే ఒక వీపీఎన్ కనెక్షన్ ఇక నేరుగా లోపలి సర్వర్‌కి పోతుంది. మామూలుగా అయితే ఫైర్‌వాల్ దగ్గరే ఆగి, విప్పి చూపించి రావాలి. ఇది కట్టిన మూట కట్టినట్టే లోపలికి పోతుంది. అందులో ఏముందో నాకు కనబడదు.

అడిగింది ఉదయ్ అన్న. నా సీనియర్. కాశిబుగ్గలో మా చర్చే. ఈ ఉద్యోగం ఇప్పించింది, పని నేర్పింది ఆయనే. మీ వదిన ఎస్తేరుకు ఆపరేషన్ అయింది, లేస్తలేదు, ఇంటికాడి నుంచే పని చేసుకుంట, జర రెండు వారాలు తెరువు చెల్లె అన్నాడు.

ఇలాంటివి అడిగినవాళ్లు మెయిల్ పెట్టాలన్నది ఆఫీసు పద్ధతి. అన్నా అని పిలిచే మనిషిని మెయిల్ పెట్టమని ఏ మొహంతో అడగను? నోటిమాట మీదే చేశాను, నా లాగిన్‌తో. తేడా వస్తే పోయేది నా ఉద్యోగమే.

జూన్ 12

వదిన కోసం ప్రార్థన చేశాను.

జూన్ 15, ఆదివారం

వదిన చర్చికి వచ్చింది. క్వైర్‌లో నిలబడి పాడింది. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఆపరేషనా, నాకా, ఎవరు చెప్పిన్రు రెబెకా అన్నది.

సాయంత్రం అన్నకు ఫోన్ చేశాను. ఆమెకు నలుగురికి తెలుసుడు ఇష్టం లేదు, నువ్వెందుకు అడిగినవ్ అని కసిరాడు. నాకే సిగ్గేసింది. సారీ చెప్పాను. రూల్ అలాగే ఉంచాను. నాకన్నా బుద్ధి తక్కువ మనిషి ఉంటుందా.

జూన్ 23, సోమవారం

మా పేషంట్లకు వేరే ల్యాబ్ నుంచి మెసేజ్‌లు పోతున్నాయి. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ టెస్టు సగం ధరకట. థైరాయిడ్ వాళ్లకు థైరాయిడ్. ఎవరికి ఏ జబ్బో వాళ్లకెట్ల తెలుసు అని ఓనర్ పద్మలత మేడం అరిచింది. సర్వర్ చూశాను. ఎవరొచ్చి ఏం తీశారో చూపే లాగ్స్ తుడిచేసి ఉన్నాయి. ఫైర్‌వాల్‌లో మాత్రం రూల్ పక్కన నా పేరుంది.

ఉదయ్ అన్న ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 24

ఉదయ్ అన్న అడిగితేనే తెరిచానని మేడంకు చెప్పాను. ఆమె పిలిస్తే వచ్చాడు. నేను అడగలే మేడం అన్నాడు. నా కళ్లలోకి చూసే అన్నాడు. అంతటితో ఆగలేదు. చిన్నపిల్ల, తెల్వక చేసింది, పోలీసుల దాక పోకుండ్రి, జర మాఫ్ చెయ్యుండ్రి అని నా తరఫున బతిమాలాడు. ఆ బతిమాలడమే నన్ను చంపేసింది. మెయిల్ ఉందా అంది మేడం. లేదన్నాను. రేపటి నుంచి రావద్దంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయంటే ఇదే బిడ్డా అని అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చెల్లె అని పిలిచిన నోరే కదా అది.

జూన్ 29, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఉదయ్ అన్న లేచాడు. కొత్త ల్యాబ్‌ల నాకు మేనేజర్ పోస్టు ఇచ్చి దేవుడు నన్ను హెచ్చించిండు అన్నాడు. మా పేషంట్లకు మెసేజ్‌లు పెట్టిన ఆ ల్యాబే.

చర్చి అంతా ఆమెన్ అంది. నా నోరు కూడా అంది.