పై గదికి వెళ్లే బుట్ట

సోమవారం

ఆపరేటర్ గారికి,

నమస్కారం. నేను కింద టికెట్ కిటికీలో కొత్తగా చేరిన అమ్మాయిని. టికెట్లు ఇవ్వడం అయిపోయిందని చీటీ రాసి, బుట్టలో పెట్టి తాడు లాగితే మీరు పైన ఆట మొదలుపెడతారని మేనేజర్ గారు చెప్పారు. ఇరవై రోజులుగా లాగుతున్నాను. చీటీతో పాటు ఉత్తరం పెట్టవచ్చో లేదో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఒక సందేహం. గోడ అవతల జనం రోజూ నవ్వుతుంటారు. ఇంటర్వెల్ కాగానే కిటికీ మూసి నేను ఇంటికి వెళ్లిపోతాను. ఇప్పుడాడుతున్న సినిమాలో చనిపోయిన భర్త భార్య దగ్గరికి ఎందుకు తిరిగి వస్తాడు? చివరికి ఏమవుతుంది?

ఇట్లు,
టికెట్ల అమ్మాయి

తా.క.: నిన్న బుట్టలో పెట్టిన బిస్కెట్టును ఎవరో అంచు మాత్రం కొరికి వదిలేశారు. అది మీరో ఎలుకో తెలియజేయగలరు.

*

మంగళవారం

టికెట్ల అమ్మాయి గారికి,

కొరికింది నేనే. ఎలుకైతే పూర్తిగా తినేది.

అతను పోయేముందు భార్యకు ఒక మాట చెప్పడం మరచిపోతాడు. అది చెప్పడానికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె పాలు దించమనో, తలుపు గడియ వేయమనో ఏదో పని చెబుతుంది. జనం నవ్వేది అందుకే. పైగా తాను పోయానని అతనికి సగం సినిమా దాకా తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు, మొహమాటం. చివర ఏమవుతుందో నేను చెప్పను, చూడాలి. శుక్రవారం మ్యాట్నీయే ఆఖరి ఆట. తర్వాత హాలు మూసేస్తున్నారు.

నేను కిందికి రాను. ఎన్నాళ్లుగానో ఈ గదే నా లోకం. నన్ను చూసినవాళ్లు తక్కువ. నా కళ్లద్దాల కాడకు రాగి తీగ చుట్టి ఉంది, బాగుచేయించడానికి కూడా బయటికి వెళ్లలేదు.

ఇట్లు,
పై గది మనిషి

తా.క.: ఎండాకాలంలో కూడా ఇక్కడ చలే. తెల్ల దుప్పటి కప్పుకుని తిరుగుతుంటాను.

*

బుధవారం

గౌరవనీయులైన ఆపరేటర్ గారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాశాను. రెండు చించేశాను, క్షమించండి.

మేనేజర్ గారి గది బయట గోడకు ఒక ఫోటో ఉంది. ఇవాళే సరిగ్గా చూశాను. అందులో మనిషి కళ్లద్దాల కాడకు రాగి తీగ చుట్టి ఉంది. కింద ‘ముప్పై ఏళ్లు మా ఆపరేటర్’ అని రాసి రెండు తేదీలు వేశారు. రెండో తేదీకి ఆరేళ్లు నిండాయి.

మీకు ఎవరూ చెప్పి ఉండరు. నాకూ మొహమాటమే. కానీ తెలిసీ చెప్పకపోవడం తప్పని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. మీరు పోయారండి.

ఎవరికైనా ఒక మాట చెప్పడం మరచిపోయి ఉంటే నాకు రాయండి, అందజేస్తాను. దయచేసి మీరుగా కిందికి రాకండి.

భయంతో, గౌరవంతో,
టికెట్ల అమ్మాయి

తా.క.: బిస్కెట్లు ఇవాళ కూడా పెట్టాను. వీలైతే తినండి.

*

బుధవారం, ఆట మధ్యలో

పూజ్యులైన టికెట్ల అమ్మగారికి,

మీ ఉత్తరం చదువుతూ తెర మీద బొమ్మ మసకబారినా చూసుకోలేదు. జనం ఈలలు వేశారు.

ఫోటోలో ఉన్నది మా బాబాయి. కళ్లద్దాలు ఆయనవే, నాకూ సరిపోతే పెట్టుకున్నాను. చలి, యంత్రం కోసం పెట్టిన ఏసీది. నేను బతికే ఉన్నాను. మీ సంగతే నాకు తెలియడం లేదు.

ఇక్కడి సొరుగులో బాబాయి దాచుకున్న ఉత్తరాల కట్ట ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల నాటివి, మీ కిటికీ నుంచి వచ్చినవే. పక్కన మీ చీటీ పెట్టి చూశాను. అదే చేతిరాత. అదే పసుపు కాగితం, మూల అదే పాత సంవత్సరం అచ్చు. ఆఖరి ఉత్తరంలో ఒకే మాట: “రేపటి నుంచి నేను ఉండను.”

గేటు మనిషిని పిలిచి కింద కిటికీలో ఎవరున్నారని అడిగాను. “ఎవరూ కనబడరయ్యా. ఒక చెయ్యి వస్తుంది, టికెట్ ఇస్తుంది, లోపలికి పోతుంది” అన్నాడు.

చేతులు జోడించి,
పై గది మనిషి

తా.క.: మీ బిస్కెట్లు రోజూ తింటున్నాను. నాకేమైనా అవుతుందా?

*

గురువారం

ఆపరేటర్ గారికి,

నేనూ బతికే ఉన్నాను. జలుబు చేసింది. పోయినవాళ్లకు జలుబు చేయదనుకుంటాను.

చేతిరాత మా కాన్వెంటుది. అక్షరం వంకర పోతే సిస్టర్ స్కేలుతో వేళ్ల మీద కొట్టేవారు, కాబట్టి అక్కడ చదివిన అందరిదీ ఒకే రాత. పసుపు చీటీలు పాతవి మిగిలిపోతే మేనేజర్ గారు వాడేయమన్నారు.

మా పెద్దమ్మ అక్కడే చదివింది. ఈ కిటికీలోనే పనిచేసింది. తాతయ్య మంచాన పడితే మానేసింది. మీ ఉత్తరం చూపించి, మీ బాబాయి గారు లేరని కూడా చెప్పాను. కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

“ఆఖరి ఉత్తరం పెట్టాను. బుట్ట పైకి వెళ్లింది, ఖాళీగా దిగింది,” అంది.

“ఆయనే కిందికి రావచ్చుగా, పెద్దమ్మా?”

“ఆట నడుస్తోందే పిచ్చిమొహమా, వదిలి ఎలా వస్తాడు? మెట్లు నేనే ఎక్కాల్సింది. భయమేసింది.”

రేపు ఆఖరి ఆటకు వస్తుందట. రెండు టికెట్లు కావాలంది. రెండోది ఎవరికని నేను అడగలేదు.

రేపటి తర్వాత ఈ బుట్ట ఉండదు. అందుకని ఇంటర్వెల్‌లో కిటికీ మూశాక నేను ఇంటికి వెళ్లను. మీ ఇనప మెట్లు ఎక్కుదామనుకుంటున్నాను. తలుపు తీసి ఉంచుతారా?

ఇట్లు,
టికెట్ల అమ్మాయి

తా.క.: రాగానే మీ నాడి చూస్తాను. ఏమీ అనుకోకండి.

*

శుక్రవారం, ఇంటర్వెల్‌కు పది నిమిషాల ముందు

టికెట్ల అమ్మాయికి,

మెట్లెక్కే ముందు ఇది చదవండి.

బాబాయి పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “ఆట వదిలి ఎక్కడికి పోనురా” అనేవాడు. సినిమా గురించి అంటున్నాడనుకునేవాణ్ణి.

నా గది గోడకు చిన్న గాజు కిటికీ ఉంది, హాలంతా కనిపిస్తుంది. మీ పెద్దమ్మ చివరి వరుసలో కూర్చుంది. మన సీట్లు మీకు తెలుసుగా, మనిషి లేస్తే మడుచుకుని పైకి లేచిపోతాయి. ఆ వరుసలో అన్నీ లేచే ఉన్నాయి. ఆమె పక్కది దిగి ఉంది. చేతిసంచీ పెట్టిందిలే, బరువుకు దిగిందిలే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అందరూ నవ్వినచోట ఆమె పక్కకు తిరిగి ఏదో అంటోంది.

తలుపు ఇందాకటి దాకా తీసే ఉంచాను. ఇప్పుడే గడియ వేశాను. మీరు మాత్రం తప్పక రండి. నాడి చూడండి, ప్రస్తుతం గట్టిగానే కొట్టుకుంటోంది. వచ్చి మూడుసార్లు తట్టండి. తట్టకుండా వచ్చేవాళ్లంటేనే నా భయం.

మీ కోసం చూస్తూ,
పై గది మనిషి

తా.క.: ఇది మడుస్తుండగా ఆమె సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. సీటు ఇంకా దిగే ఉంది.