జీపు హ్యాండిల్

కద్మా, 13 నవంబరు 1983, ఆదివారం

జుగ్సలాయిలో వాడిన బండ్లు అమ్మే షెడ్డులో ఇవాళ రెండు జీపులు చూశాం. ఒకటి కొత్త రంగుతో మెరుస్తోంది, ఇంకోటి పాత మిలటరీ జీపు. పెళ్లయినప్పటి నుంచీ ఈయన లడఖ్ వెళ్దామంటూనే ఉన్నారు. చలికి బ్యాటరీ పడిపోయినా ముందువైపు ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పితే స్టార్టయ్యేదే కొండలకి పనికొచ్చే బండి అంటారు. ఎక్కడ బండి చూసినా ఆ హ్యాండిల్ ఎవరినీ ముట్టుకోనివ్వరు.

ఇవాళ నా చేతికిచ్చారు.

"బొటనేలు మడవకు. ఎనక్కి తన్నితే ఇరిగిపోద్ది," అన్నారు.

పాత జీపు రెండోసారి తిప్పగానే స్టార్టయింది. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, క్లచ్‌కి కాలు అందుతోందా అని వంగి చూశారు. దగ్గు తెర వచ్చి చాలాసేపు లేవలేకపోయారు.

"నడిపేది మీరు కదా, నా కాలెందుకు?" అన్నాను.

"ఏటలా సూత్తావు? నీకు అందితే సాలు," అని దాన్నే ఖాయం చేశారు.

ఈ దగ్గు గురించి డాక్టరు నాతో చెప్పిన మాట ఈయనకి తెలియనివ్వలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

అరచెయ్యి ఇంకా మండుతోంది. బొటనవేలు మాత్రం మడవలేదు.