వదలమన్నాను

మార్చి 4

చేతి కట్టు విప్పారు. డాక్టరు వేళ్ళు ఆడించమన్నాడు. ఆడాయి గానీ ఎవరివో అన్నట్టు ఆడాయి. ఏదైనా సన్నపని పెట్టుకోమన్నాడు, కుట్టుపనో, బొమ్మలు వెయ్యడమో. హార్బర్లో ఇరవై రెండేళ్ళు ఓడల్ని లాగే టగ్ బోటు నడిపినవాణ్ణి. నాకొచ్చిన సన్నపని టీ కలుపుకోవడం ఒక్కటే.

రాయడం కూడా సన్నపనే కదా అంది మా ఆవిడ. స్కూల్లో మిగిలిపోయిన డైరీ ఒకటి తెచ్చి ముందు పడేసింది. టీచరమ్మ మాట కాదంటే ఊరుకోదు.

మార్చి 6

ఎంక్వయిరీ రిపోర్టు వచ్చింది. పన్నెండు పేజీలు. అందులో మాకు కావలసింది రెండు లైన్లు.

ఫిబ్రవరి పదకొండున జరిగింది ఇది, నా చెయ్యి విరిగిన రోజున. పెద్ద ఓడని తాడు కట్టి లాగుతున్నాం. ఓడ ఉన్నట్టుండి స్పీడందుకుంది. తాడు టగ్గుని పక్కకి గుంజేసింది. అలాంటప్పుడు తాడు మొత్తం విడిచెయ్యాలి, లేకపోతే టగ్ బోర్లా పడుతుంది. తాడు చుట్టే వించ్ దగ్గర ఉన్నది మా ఆవిడ తమ్ముడు. ముప్పై ఒకటి నిండినా మాకు చిన్నోడే. నేను పైన వీల్ దగ్గర ఉన్నాను. వాకీటాకీలో వదలమన్నాను. సరే బావా అన్నాడు. అన్నాడు గానీ వదల్లేదు. టగ్ తిరగబడింది. నలుగురం పైకి తేలాం. వాడు తేలలేదు.

రిపోర్టులో ఏముందంటే, మాస్టర్, అంటే నేను, టైముకే ఆర్డరిచ్చాడట, వించ్ ఆపరేటర్ కంగారుపడి అమలు చెయ్యలేదట. టగ్గుని పైకి తీసినప్పుడు వించ్ మీద తాడు కొంత జారి ఉందట, కంగారులో లివర్ ఎటో తోసేశాడనడానికి అదే రుజువట. నన్ను జూన్ ఒకటి నుంచి కొత్త టగ్ ఎక్కమన్నారు.

మా ఆవిడ చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది. అమ్మకి చెప్పకండి అంది.

మార్చి 9

అత్తయ్యకి తెలిసిపోయింది. కొళాయి దగ్గర ఎవరో అన్నారట, నీ కొడుకు చేతగానితనానికి ఇంకో నలుగురు పోవాల్సిందటగా అని. అప్పట్నుంచి బయటికి రావడం మానేసింది. నేను వెళ్తే ఒక్కటే అడిగింది. నా కొడుకు పనిమీద నిద్రపోయాడా అని. లేదన్నాను. మరేం చేశాడంది. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మార్చి 11

అసలు నాకే నమ్మకం లేదు. నేను చెప్పడమే ఆలస్యమైందేమో. టైముకే చెప్పానని రిపోర్టు అంటే సరిపోతుందా. వీల్ దగ్గర ఉన్నది నేను, రిపోర్టు కాదు.

మార్చి 15

సన్నపని దొరికింది. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చిన్న టగ్ చేస్తాను, రిమోట్‌తో నడిచేది. దానికి తాడు కట్టి, పక్కకి గుంజి చూస్తాను. ఎంతసేపట్లో తిరగబడుతుందో, చెప్పడానికి నాకెంత టైముందో తేలిపోతుంది.

సందు చివర హార్డ్‌వేర్ షాపాయనకి ఈ పిచ్చి ఎప్పట్నుంచో ఉందట. మొదటిసారి చేసేవాడికి టగ్గుని మించింది లేదన్నాడు. పొట్టి, లావు, నెమ్మది. లోపల ఎంత బరువు పడేసినా మొయ్యడమే గానీ మొరాయించదట. మా ఆవిడ నన్ను గురించి ఇదే మాట అనేది ఒకప్పుడు.

మార్చి 23

సగం జీతం మీద ఉన్నాం, కొత్తవి కొనే యోగం లేదు. పాత ప్రింటర్లోంచి మోటారు. షాపాయన పారేద్దామనుకున్న యూపీఎస్ బ్యాటరీ. అది బరువుకి కూడా పనికొస్తుంది, విడిగా సీసం పెట్టక్కర్లేదు. ప్రొపెల్లర్ తిరిగే కడ్డీకి సైకిల్ స్పోకు, దాని చుట్టూ ఇత్తడి గొట్టం, గొట్టం నిండా గ్రీజు. అతుకులకి లప్పం. రిమోట్లు రెండూ సెకండ్ హ్యాండ్. ఒకటి మోటారుకీ చుక్కానికీ, ఒకటి వించ్‌కి. రెండెందుకు, ఒకదాన్లోనే సర్దొచ్చు కదా అన్నాడు షాపాయన. ఆరోజు ఇద్దరం ఉన్నాం అన్నాను.

మార్చి 24

వేలు కోసుకున్నాను. నొప్పి తెలిసింది. డాక్టరు సంతోషిస్తాడు.

ఏప్రిల్ 8

ప్లైవుడ్డు తడిపి వంచుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. ఇన్నాళ్ళూ చూడనట్టే ఉంది. ఏమిటిది, ఎందుకు అంది. చెప్పాను. బడి సంచి కింద పెట్టింది. తర్వాత కూర్చుని ఆ చివర పట్టుకుంది. బడికి లేటయింది, అయినా లేవలేదు.

ఏప్రిల్ 19

బట్టలు నానబెట్టే టబ్బులో దింపాం. తేలింది. ఎడమపక్కకి ఒరిగింది. బ్యాటరీ ఒక వేలెడు కుడికి జరిపితే నిటారుగా నిలబడింది. మా ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాడు.

ఏప్రిల్ 20

లీకు.

ఏప్రిల్ 27

ఇంకా లీకే. గ్రీజు చాలదట, చిక్కటిది పెట్టాలట. మొదటే చెప్పి ఏడవచ్చుగా అన్నాను షాపాయనతో. నువ్వు అడిగి ఏడవలేదుగా అన్నాడు. నిజమే.

మే 3

పార్కు వెనక కుంటలో దింపాం. షాపాయనే పెద్ద ఓడ. టగ్ తాడు చివర పట్టుకుని, చెప్పులు విడిచి, గట్టు మీద నడుస్తాడు. నేను వేగం అంటే వేగంగా నడవాలి. వించ్ రిమోట్ మా ఆవిడకిచ్చాను. లివర్ కొంచెం తోస్తే తాడు నెమ్మదిగా సాగుతుంది. చివరిదాకా తోస్తే పిన్ను ఊడి తాడు మొత్తం జారిపోతుంది. అసలు టగ్గులోనూ అంతే. ఎదురెదురుగా నిలబడ్డాం. నేను చెయ్యెత్తినప్పుడు చివరిదాకా తొయ్యాలి.

తొమ్మిదిసార్లు చేశాం. టగ్ పక్కకి ఒరిగి, అంచు నీళ్ళకి తగిలాక చెయ్యెత్తినా బతికింది. ఆరోజు నేను అంతకంటే ముందే చెప్పాను. ఆ ఒక్క సంగతి మాత్రం నాకు కచ్చితంగా తెలుసు.

అంటే టైముంది. అంటే తప్పు వాడిదే. నాకు భారం దిగాలి కదా. దిగలేదు. మా ఆవిడ రిమోట్ నాకిచ్చి ముందు నడిచి వెళ్ళిపోయింది.

మే 7

ఒక్కసారి ఆరోజు ఎలా జరిగిందో అలాగే చేద్దాం అంది మా ఆవిడ. చేతులెత్తడాలు కాదట. మీరు పైన ఉన్నారు, వాడు వెనక ఉన్నాడు, వాడికి మీరు కనపడలేదు, గొంతే వినపడింది. వాడున్న చోట నేను ఒక్కసారి నిలబడాలి అంది. వద్దన్నాను. ఆదివారం వెళ్దాం అంది.

మే 10, ఉదయం 7

బయల్దేరుతున్నాం.

మే 10, మధ్యాహ్నం

రాయాలి. వరసగా రాస్తాను.

నేను వీపు తిప్పి నిలబడ్డాను. నా వెనక పదడుగుల దూరంలో మా ఆవిడ. షాపాయన నడుస్తున్నాడు. నేను వేగం అనకుండానే ఆయన పరుగు లాంటి నడక అందుకున్నాడు. అలా చెయ్యమని మా ఆవిడే చెప్పి ఉంచిందట. తాడు బిగిసింది. టగ్ ఒరిగింది. నాకు ఒళ్ళంతా ఆ రోజే అయిపోయింది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. వెనక నుంచి సరే అని వినపడింది. నేను చూస్తుండగానే టగ్ బోర్లా పడింది. అడుగు పైకి తేలింది, ఎర్రగా.

వెనక్కి తిరిగి అరిచాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద అలా అరవలేదు. వదలమంటే వదలవేం అన్నాను. ఆవిడ రిమోట్ చూపించింది. లివర్ కొంచెమే తోసి ఉంది. వదులు అన్నారు, వదులు చేశాను, అంది. షాపాయన కూడా నాకూ అలాగే వినపడిందన్నాడు.

గట్టు మీద కూలబడిపోయాను. ఎండకి కళ్ళు తిరిగాయనుకుని షాపాయన నీళ్ళిచ్చాడు. మా ఆవిడ చీర ఎత్తిపట్టుకుని కుంటలోకి దిగి టగ్గుని తెచ్చింది. దాని పొట్టలోంచి నీళ్ళు వంచింది. ఆవిడకి ఇంకా తట్టలేదు.

వదులు. ఆరోజు నేను అన్నది ఆ మాటే. రోజుకి ఇరవైసార్లు అంటాను. జెట్టీకి కట్టేటప్పుడు, తాడు మరీ బిగిసినప్పుడు. అన్నప్పుడల్లా చిన్నోడు కాస్త వదులు చేసేవాడు. ఒక్కనాడూ మొత్తం విడిచెయ్యలేదు. మొత్తం విడిచెయ్యాలంటే లెట్ గో అనాలి. మా టగ్గు మీద అది రూలు. వాడికి ఆ రూలు నేర్పింది నేనే.

ఎంక్వయిరీలో ఏమన్నావని అడిగారు. వదలమన్నాను అన్నాను. క్లర్కు లెట్ గో అని టైపు చేశాడు. చదివి సంతకం పెట్టాను. అబద్ధం చెప్పానని అప్పుడు తోచలేదు. వదలమన్నాను అంటే అందులో నేనన్న మాట లేదు, నేననుకున్న మాట ఉంది.

జారి ఉన్న తాడు కంగారుది కాదు. వాడు చెప్పిన పని చేస్తూ పోయాడు.

మే 11

చెప్పలేదు.

మే 12

చెప్పలేదు. చెప్తే జూన్ ఒకటి ఉండదు, వీల్ ఉండదు. ఆవిడ ఉంటుందో లేదో. చెప్పకపోతే అన్నీ ఉంటాయి. ఇలా లెక్క వేసుకున్నానని కూడా రాసి పెట్టుకుంటున్నాను, సిగ్గు లేకుండా.

మే 13

అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. జుట్టు దువ్వుకోవడం కూడా మానేసింది. నేను కూర్చున్న గంటలో ఒకే మాట అంది. వాడు చిన్నప్పట్నుంచీ చెప్పిన మాట వినేవాడు, ఆ ఒక్కరోజు ఎందుకు వినలేదో అంది. అప్పుడూ చెప్పలేదు.

మే 14

చెప్పాను.

ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తకుండా విన్నది. సరిగ్గా ఆ మాటేనా అంది. ఆ మాటే అన్నాను. ఎంక్వయిరీ రోజు మీకు తెలుసా అంది. తెలీదన్నాను. ఎప్పుడు తెలిసింది అంది. ఆదివారం, కుంట దగ్గర.

ఇవాళ గురువారం అంది.

పేపర్లు సర్దుకుని, రెండు చీరలు సంచిలో పెట్టుకుని వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళింది. నాలుగు వీధుల అవతలే. నేను ఆపలేదు. ఆపే మొహమూ లేదు.

మే 15

హార్బర్ ఆఫీసు. నా వాంగ్మూలం మార్చి రాసిస్తానన్నాను. ఆఫీసరు తలుపు వేసి మరీ చెప్పాడు. ఫైలు మూసేశాం, పోయినవాడు ఎలాగూ రాడు, నువ్వెందుకయ్యా చెయ్యి పెట్టడం అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే చెప్పాడు. కాగితం ఇమ్మన్నాను. క్లర్కు మళ్ళీ మెషీన్ ముందు కూర్చుని ఆ మాటకి ఇంగ్లీషులో ఏం కొట్టమంటారన్నాడు. ఇంగ్లీషు వద్దన్నాను. నేనన్నది నేనన్నట్టే నా చేత్తో రాశాను. విరిగిన చెయ్యి కదా, అక్షరం వంకర పోయింది. కింద ఇంకోసారి విడివిడిగా రాశాను.

మే 16

అత్తయ్యకి నా నోటితో నేనే చెప్పాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అత్తయ్య నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అయితే వాడు నువ్వు చెప్పిందే చేశాడా అంది. చేశాడన్నాను. లోపలికి వెళ్ళి పడుకుంది.

జూన్ 1

కొత్త టగ్ ఎవరో ఎక్కి ఉంటారు. మూడుసార్లు కూత వినపడింది.

జూన్ 9

మా ఆవిడ వచ్చింది, స్కూలు పుస్తకాల కోసం. బల్ల మీది టగ్గుని చూసి, దీన్ని ఉంచుతారా అంది. తెలీదన్నాను. లప్పం రాలుతోంది చూసుకోండి అంది. పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్ 21

కొత్త రిపోర్టు. చిన్నోడి తప్పు అని ఉన్న చోట నా తప్పు అని ఉంది. అత్తయ్య చదివి వినిపించమంది. నిలబడి చదివాను. మా ఆవిడ వాళ్ళమ్మ పక్కన నిలబడింది. మళ్ళీ చదవమంది అత్తయ్య. చదివాను. అప్పుడు లేచి, నెమ్మదిగా నడిచి వెళ్ళి, వీధి తలుపు బార్లా తెరిచింది. ఇప్పుడు చదువు, గట్టిగా అంది.

చదివాను.