ఇలాగే కొనసాగండి

గేటు దగ్గరి బాబాయ్‌కి,

నోటిమాట చెల్లదు, రాసిమ్మని మీరన్నారు కాబట్టి రాస్తున్నాను. తప్పు నాదే. సర్టిఫికెట్ల ఫార్ములాలో "సర్వీసు ఏడాది దాటితే" అన్న షరతు పైన పెట్టి, "ముప్పయ్యేళ్లు దాటితే" అన్నది కింద పెట్టాను. మొదటిది సరిపోగానే కంప్యూటరు అక్కడే ఆగిపోతుంది, కిందికి చూడదు. అందుకే నిన్న రిటైరైన మీకు "ఏడాది పూర్తయింది, ఇలాగే కొనసాగండి" అని అచ్చయింది.

అంతమాత్రాన తెల్లారేసరికి యూనిఫాం వేసుకుని వచ్చేసి, "కొనసాగమని సంతకం పెట్టింది మేనేజరుగారే కదమ్మా!" అంటే ఎలా? పైగా గుర్తింపు కార్డు మరిచిపోయి వచ్చారని ఆ మేనేజరుగారినే గేటు బయట నిలబెట్టారు.

బాబాయ్, ఎండ ముదురుతోంది. తాళం తీస్తే ఆయన మిమ్మల్ని ఇంకో ఏడాది ఉంచుతానంటున్నారు. ఈ షరతు మాత్రం నేను రాసింది కాదు, నమ్మండి.

మీ కంప్యూటరమ్మాయి