పదకొండో నిబంధన

బెమిజీ, మినెసోటా
14 ఫిబ్రవరి 1994

చిరంజీవి తమ్ముడు సెల్మర్‌కు,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మంచు కిటికీకి సగం దాకా వచ్చింది. అదొక్కటి తప్ప అందరం క్షేమం.

జూన్ పదకొండుకు నాకు డెబ్భై నిండుతాయి. ఆ రోజు మనిద్దరం అలాస్కా వెళ్ళే ఓడలో ఉంటాం. భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీలో నువ్వుండాలి. నాకు కావలసిందల్లా అంతే. మీ బావ పోయిన దగ్గర్నుంచీ నా పక్క కుర్చీలో చర్చి వాళ్ళు తమ చలికోట్లు పడేస్తున్నారు.

అందుకని గట్టిగా చెబుతున్నాను, వాంకూవర్ రేవు దాకా విమానం టికెట్ నువ్వు సొంతంగా కొనకు. ఓడ కంపెనీ వాళ్ళకే ఒప్పజెప్పు. వాళ్ళిచ్చిన విమానం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగకపోయినా తరవాతి రేవులో వాళ్ళే ఎక్కిస్తారు. సొంత టికెట్ వాడు ఒడ్డున నిలబడి ఓడకి చెయ్యి ఊపుకోవలసిందే. నాలుగేళ్ళ కిందట మీ బావ అంత్యక్రియలకు కూడా నువ్వు సొంతంగానే కొన్నావు. మినియాపొలిస్‌లో విమానం తప్పిపోయిందన్నావు. సరేలే అన్నాను.

నీ అక్క,
ఆర్డిస్

తా.క. కంపెనీ పంపిన నమూనా టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాలతో నిబంధనలున్నాయి. భూతద్దం పెట్టుకుని అన్నీ చదివాను. పదకొండోది నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది.


గ్రేట్ ఫాల్స్, మాంటానా
27 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీ మాట కాదనలేక ఓడ కంపెనీకి ఫోన్ చేశాను. ఎవరో చిన్నపిల్ల ఎత్తింది, చాలా మర్యాదస్తురాలు. వాంకూవర్ మాకు పడమటే కదా. ఈ పిల్ల నన్ను ముందు తూర్పుకి, మీ మినియాపొలిస్‌కి పంపుతుందట. అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి తిప్పి, మా ఊరి మీదుగానే వాంకూవర్ తీసుకుపోతుందట. పైనుంచి మా గోధుమచేను కనిపిస్తుందా తల్లీ అని అడిగాను. పాపం, కనుక్కుని చెబుతానంది.

నాకు ఓపిక చాలలేదు. సియాటిల్ మీదుగా నేనే టికెట్ కొనుక్కున్నాను. ఓడకు రెండు రోజుల ముందే దిగుతాను. ఓడ నాకోసం ఆగడమెందుకు? నేనే ఓడ కోసం ఆగుతాను.

బావ విషయం ఇక వదిలెయ్. విమానాలన్నాక తప్పుతూనే ఉంటాయి.

నీ తమ్ముడు,
సెల్మర్

తా.క. పదకొండో నిబంధన ఏమిటో రాయలేదు. గురక గురించా?


బెమిజీ
11 మార్చి

సెల్మర్‌కు,

నాకేం కోపం లేదు. ఆ ముక్క చెప్పడానికే ఈ ఉత్తరం.

నా టికెట్ వచ్చింది. తెల్లారేసరికి ఇక్కణ్ణుంచి బయల్దేరి మినియాపొలిస్‌లో దిగాలి. అక్కడ నాలుగు గంటలు కూర్చుని వాంకూవర్ విమానం ఎక్కాలి. సీటు 17-ఎ. నాలుగు గంటలూ ఒక్కదాన్నే. పరవాలేదు, అల్లిక తెచ్చుకుంటాను. నీకు అక్కతో కలిసి ప్రయాణం చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ మాట చెబితే సరిపోయేది. దానికి రెండు రోజులు ముందుగా పారిపోవాలా? వాంకూవర్‌లో ఆ రెండు రోజులూ ఏం చేస్తావు? ఎవరైనా విధవరాలిని చూసుకున్నావా? చూసుకుంటే మంచిదే, ఆవిణ్ణి కూడా నా పుట్టినరోజుకు తీసుకురా. కుర్చీలదేముంది, సర్దుకుంటాం.

ఆర్డిస్

తా.క. కోపం లేదని మళ్ళీ రాస్తున్నాను. మొదటిసారి రాసింది నాకే అంత నమ్మకంగా అనిపించలేదు.


గ్రేట్ ఫాల్స్
20 మార్చి

అక్కా,

విధవరాలా! నా వయసు అరవై ఏడు, మోకాలికి పట్టీ, బండికి బ్రేకులు సరిగా లేవు. నీకిలాంటి ఊహలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అమ్మ 'కోపం లేదు' అన్న రోజున నాన్న గొడ్లపాకలో పడుకునేవాడు, గుర్తుందా? నీ ఉత్తరం చదివాక నాకూ అన్నం సహించలేదు. కంచంలో బంగాళాదుంపల హాట్‌డిష్ అలాగే చల్లారిపోయింది. మర్నాడే ఆ టికెట్ రద్దు చేయించుకుని కొత్తది కొన్నాను. మినియాపొలిస్‌లో నీ విమానమే, సీటు 17-బి. పడమటికి పోవాల్సినవాణ్ణి నీకోసం తూర్పుకి వస్తున్నాను. కానీ కొన్నది నేనే, కంపెనీ కాదు. అక్కడ మాత్రం నేను తగ్గను.

సెల్మర్

తా.క. టికెట్లమ్మే అతను "వాంకూవర్ వెళ్ళడానికి తూర్పుకా, అయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. "దారిలో మా అక్క ఉందయ్యా" అన్నాను. మరి మాట్లాడకుండా టికెట్ కొట్టిచ్చాడు.


బెమిజీ
2 ఏప్రిల్

చిరంజీవి సెల్మర్‌కు,

నీ ఉత్తరం ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను. పక్కింటావిడకు కూడా చదివి వినిపించాను, విధవరాలి ముక్క వదిలేసి.

అయినా కంపెనీ టికెట్టే కొంటే బాగుండేది. సొంత టికెట్‌కి పదకొండో నిబంధన వర్తించదు. ఇక ఆ రోజు నిన్ను నేనే కనిపెట్టుకుని ఉండాలి.

నీ అక్క,
ఆర్డిస్

తా.క. పేకముక్కలు తీసుకురా. నావి మీ బావ మడతపెట్టి ఆడేవాడు, ఆసులన్నీ వీపు చూస్తేనే తెలిసిపోతాయి.


గ్రేట్ ఫాల్స్
20 జూన్

అక్కా,

ఇల్లు చేరాను. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

మినియాపొలిస్‌లో ఆ హోటల్లో ఉన్న మూడు రోజులూ నువ్వు నన్నొక్క మాట అనలేదు. పేకాడినా 'బాగుంది' అన్నావు, వేయించిన చేప తిన్నా 'బాగుంది' అన్నావు. ఓడలో జరగాల్సిన నీ పుట్టినరోజు విమానాశ్రయం పక్కన హోటల్లో జరిగితే అది ఎంత బాగుందో నాకు తెలియదా?

తప్పు నాది. గేటు దగ్గర ఆ అమ్మాయి మైకులో "రెండు సీట్లు తక్కువ పడ్డాయండీ, ఎవరైనా దయచేసి..." అంది. ఆ దయచేసి పూర్తి కాకుండానే నా కాళ్ళు లేచి నిలబడ్డాయి. పక్కన చూస్తే నువ్వూ నిలబడి ఉన్నావు. నన్ను పట్టుకుని కూర్చోబెట్టడానికే లేచావు. ఇంతలో ఆమె ఇద్దర్నీ చూసి దణ్ణం పెట్టినంత పని చేసింది. చంకలో బిడ్డతో ఉన్న ఆ జంట మన సీట్లలోకి వెళ్ళిపోయింది. నా మూలంగా నీ సీటూ పోయింది, వాంకూవర్‌లో ఓడా వెళ్ళిపోయింది. ఓడ కంపెనీ పిల్ల, మన తప్పయినా సరే, ఓడ తరవాత ఆగే జూనో రేవులో ఎక్కిస్తానని ఫోన్లో బతిమాలింది. మనిద్దరం ఒక్కసారే "మీకెందుకమ్మా శ్రమ" అన్నాం. మన వాళ్ళు తప్ప ఇంకెవరైనా అంటారా ఆ మాట?

ఇంకొకటి చెప్పాలి. నాలుగేళ్ళుగా నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. బావ అంత్యక్రియలకు విమానం తప్పిపోలేదక్కా. ఇదే మినియాపొలిస్‌లో గేటు ముందే కూర్చున్నాను. మీ ఊరొచ్చే ఆ బుల్లి విమానంలో పందొమ్మిదే సీట్లు. ఒకమ్మాయి పసిపిల్లనెత్తుకుని ఏడుస్తోంది, సీటు లేదన్నారు. నేను లేచి ఇచ్చేశాను. తరవాతి విమానంలో వద్దామనుకున్నాను, అది మంచుకు ఆగిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషికి సీటిచ్చి, సొంత అక్కను శవపేటిక పక్కన ఒంటరిగా వదిలేశాను. ఆ మాట నీకు చెప్పడానికి సిగ్గేసి విమానం మీద నెట్టాను. నన్ను క్షమించు.

సెల్మర్

తా.క. ఓడ తప్పినందుకు నేను నీకోసమే బాధపడుతున్నాను, నాకోసం కాదు. నాకు నీళ్ళ తొట్టిలో కూర్చున్నా కళ్ళు తిరుగుతాయి. నువ్వు ముచ్చటపడ్డావని ఒప్పుకున్నాను.


బెమిజీ
28 జూన్

చిరంజీవి సెల్మర్‌కు,

నాకు తెలుసు.

ఆ ఏడ్చిన అమ్మాయి మీ బావ మేనకోడలు మార్లిస్. ఆరిజోనా నుంచి వచ్చింది, నువ్వెప్పుడూ చూడలేదు. అంత్యక్రియలయ్యాక చర్చి కింద గదిలో కాఫీ తాగుతూ చెప్పింది. "ఎవరో పెద్దాయన అత్తయ్యా, తన సీటు నాకిచ్చేశాడు. పేరడిగితే, పరవాలేదమ్మా వెళ్ళు వెళ్ళు అన్నాడు. చెవులు కప్పే టోపీ, ఒక చెవికి గుండీ లేదు" అంది. ఆ గుండీ కుట్టించుకుంటానని నువ్వు మా ఇంటికొచ్చిన ప్రతిసారీ మర్చిపోతావు. నీ టోపీ నాకు తెలియదా?

నేను ఒంటరిగా లేను. నీ కుర్చీలో మార్లిస్ కూర్చుంది, ఆ రోజంతా నా చెయ్యి వదల్లేదు. మీ బావకు నువ్వు పంపిన మనిషి అది. నా కోపం నువ్వు రానందుకు కాదు, చెప్పనందుకు. నీ అంతట నువ్వే చెబుతావని నాలుగేళ్ళు ఎదురుచూశాను. ఇప్పుడు చెప్పావు. ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చాను, కాఫీ పెట్టుకున్నాను.

ఇక పదకొండో నిబంధన. 'ఈ టికెట్‌పై ప్రయాణించువారు తమ సీటును ఇతరులకు వదులుకొనరాదు.' నిన్ను కుర్చీకి కట్టెయ్యడానికి ఇంతకన్నా మంచి తాడు దొరకదనుకున్నాను. అందుకే కంపెనీ టికెట్ కొనమని అంతగా నీ ప్రాణం తీశాను.

కానీ ఆ టికెట్ ఉన్నది నా చేతిలో. నిబంధన మొత్తం కంఠతా వచ్చింది కూడా నాకే. నిన్ను ఆపడానికి లేచానంటావేమిటి? నీకన్నా ముందే లేచింది నేను. గేటు అమ్మాయి మైకు చేతిలోకి తీసుకోగానే సగం లేచాను. నిన్నేమీ అనకపోవడానికి కారణం అదే. హోటల్ నిజంగానే బాగుంది. పక్క కుర్చీలో నువ్వున్నావు, ఎవరూ కోటు పడెయ్యలేదు.

నీ అక్క,
ఆర్డిస్

తా.క. నీళ్ళ తొట్టిలో కళ్ళు తిరుగుతాయా? నాకు పడవ బొమ్మ చూస్తేనే తిప్పుతుంది! అప్పుడెప్పుడో మా ఇంట్లో క్యాలెండర్ మీద ఓడ చూసి నువ్వు 'బాగుంది' అన్నావు, నీకు మోజేమోనని కొన్నాను. వచ్చే జూన్ పదకొండుకు అదే హోటల్. విమానం వద్దు, బ్రేకులు బాగుచేయించుకుని బండిలోనే రా. టోపీ తీసుకురా, గుండీ కుడతాను. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకో, నువ్వు మాత్రం దిగకు.