కలరా ఉండలు

వదినా,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నువ్వు పంపిన నా పెట్టె సంగతి తేలాలి.

నా అభిమాన గాయని పోస్టర్లు, ప్లాస్టిక్ బ్యాడ్జీలు, ఇక ఎక్కడా దొరకనివి. ఖరీదైన పెట్టె కొనలేక, అట్టపెట్టెలోనే పోస్టరుకీ పోస్టరుకీ మధ్య రంగు చెడకుండా ఆమ్లం లేని తెల్లకాగితం పరిచి దాచుకున్నాను. నువ్వు ఖాళీ కాగితాలే కదా అని అవి తీసిపారేసి, గుప్పెడు కలరా ఉండలు పోశావు. ఆ ఉండల ఆవిరికి బ్యాడ్జీల ప్లాస్టిక్ మెత్తబడి పోస్టర్లకు అతుక్కుపోయాయి. లాగితే ఆవిడ ముఖమే ఊడొచ్చింది.

ఫోన్ చేస్తే, "పురుగు పట్టకూడదనే వేశానే" అన్నావు. మరి నీ పట్టుబట్టల్లో ఒక్క ఉండా వెయ్యవేం? జరీ నల్లబడుతుందని నాకు చెప్పింది నువ్వే.

తెలియక చేసుంటే నేనీ ఉత్తరం రాసేదాన్నే కాదు.

నీ ఆడపడుచు