మోటారు ఆపి కొలిచిన వోల్టేజి

బావా,

వచ్చే వారం నీ సంవత్సరీకం. ఇవాళ వార్త కోసం నాగాయలంక వెళ్ళాను. ఒక రైతు నారుమడి ఎండిపోతోంది. కొత్త మోటారు మూలుగుతోందే తప్ప నీళ్ళు ఎత్తడం లేదు. కరెంటు ఆఫీసు ఇంజనీరు గారు దాన్ని ఆపించి మీటరు పెట్టారు.

"వోల్టేజి నిండుగా ఉంది. నీ మోటారే పోయిందయ్యా."

"కొని నెల కాలేదండీ. అప్పుడే ముసలిదైపోయిందంటారా?" అన్నాడు రైతు.

బందరు కాలేజీ లాబులో నువ్వు పాత టార్చి సెల్లు చూపించి చెప్పింది గుర్తొచ్చింది. "ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే ఇదీ నిండుగానే చూపిస్తుంది బావా. అది విద్యుచ్ఛాలక బలం. బల్బు తగిలించి కొలువు, లోపలే ఎంత పోతోందో తెలుస్తుంది." అంత పెద్ద మాట మా పేపరు కాలమ్‌లో పట్టదన్నాను అప్పుడు.

"మోటారు వేసి కొలవండి" అన్నాను ఇంజనీరు గారితో. మీటరు ముల్లు పడిపోయింది. స్తంభం మీద తీగ జాయింటు ఉప్పుగాలికి పాడైంది. అది సరిచేశాక మడికి నీళ్ళు పారాయి.

అలసిపోయి ఇంటికొచ్చాను. ఏడాదిగా చెల్లి ఊరికే కూర్చున్నప్పుడే "బాగున్నావా?" అని అడుగుతున్నాను. "బాగానే ఉన్నానన్నయ్యా" అంటోంది. ఇవాళ తను నీ పుస్తకాల బీరువా దులుపుతుంటే అడిగాను.

బీరువా తలుపుకి నుదురు ఆనించి ఏడ్చింది. గుడ్డ అందుకుని నేనూ దులిపాను.